చేపల తొట్టిలో ప్లాస్టిక్ మొక్కలెందుకు?

"మాకు చేపలు అచ్చిరావండీ" అనే మాట మీరు వినే ఉంటారు. ఆ మాట నేను సూర్యాపేటలో విన్నాను, మిర్యాలగూడలో విన్నాను. కోదాడలో ఒక ఇంటివారైతే ఖాళీ అయిన గాజుతొట్టిలో ఉల్లిగడ్డలు పోసుకుని మరీ చెప్పారు. పిల్లలు ముచ్చటపడితే తొట్టి కొన్నారట. అడుగున ఎర్రవి, నీలివి రంగురాళ్ళు పోశారు. వెనక సముద్రం బొమ్మ ఉన్న కాగితం అంటించారు. నాలుగు ప్లాస్టిక్ మొక్కలు, నోరు తెరిచి బుడగలు వదిలే మొసలి బొమ్మ ఒకటి పెట్టారు. ఆరు బంగారు చేపలు వేశారు. మొదటి వారం ఇంటికి వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. మూడో వారానికి నీళ్ళు మసకబారాయి. ప్లాస్టిక్ ఆకుల మీద జిగట పాచి పట్టింది. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. ఆ తరవాత ఒక్కొక్కటే పోయింది.

ఇందులో అచ్చిరావడం, అచ్చిరాకపోవడం అంటూ ఏమీ లేదు. చేపలు తప్ప ఆ తొట్టిలో పనిచేసే ప్రాణి మరొకటి తగినంతగా లేదు. అదీ చిక్కు. ఇంట్లో చేపల తొట్టి అందంగా ఉండాలంటే ప్లాస్టిక్ మొక్కలను తీసి అవతల పెట్టి, బతికున్న నీటిమొక్కలు నాటాలని నా అభిప్రాయం. అవి కూడా దూరదేశాల నుంచి వచ్చినవి కాక, మన కాలువల్లో, చెరువుల్లో పెరిగేవే అయితే మరీ మంచిది. తొట్టి అందం, చేప ప్రాణం ఇక్కడ వేరు వేరు సంగతులు కావు. ఎందుకో చూద్దాం.

చేప తిన్న తిండిలో మాంసకృత్తులు ఉంటాయి గదా. అవి ఒంటికి పట్టాక మిగిలిన నత్రజనిని మనమైతే మూత్రంలో యూరియాగా వదిలేస్తాం. చేప చాలావరకు అమ్మోనియాగా మార్చి, మొప్పల గుండా తిన్నగా నీటిలోకే వదులుతుంది. అమ్మోనియా విషం. చెరువులో ఈ విషం లక్షల లీటర్ల నీటిలో కలిసిపోతుంది, మొక్కలు కొంత పీల్చుకుంటాయి, బురదలోని సూక్ష్మజీవులు కొంత మారుస్తాయి. మన తొట్టి సంగతేమిటి? రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి తీసుకోండి. అడుగున రెండంగుళాల ఇసుక, పైన అంగుళం వెలితి పోతే, నీటి లోతు తొమ్మిదంగుళాలు. అంటే ఒకటిన్నర ఘనపుటడుగులు, సుమారు 42 లీటర్లు. మూడు బకెట్ల నీళ్ళు! ఆరు బంగారు చేపలు పగలూ రాత్రీ తిని, విసర్జించి, ఊపిరి పీల్చేది ఆ మూడు బకెట్లలోనే.

చెరువు బురదలో ఉండే సూక్ష్మజీవులు తొట్టి ఇసుకలో కూడా నెమ్మదిగా చేరతాయి. ఒక రకం అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. ఇంకో రకం నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రైటు కూడా చేపకు విషమే. నైట్రేటుతో అంత ప్రమాదం లేదు. అయితే కొత్త తొట్టిలో ఈ జీవులు చాలినన్ని పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కోదాడ వారి చేపలు మూడో వారంలో ఎందుకు పోయాయో ఇప్పుడు మీరే చెప్పగలరు.

మన ప్రాంతానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం అయాను, దానితో హాని తక్కువ. రెండోది అమ్మోనియా వాయువు, ఇదే మొప్పలను దెబ్బతీసేది. నీరు క్షారగుణం వైపు మొగ్గేకొద్దీ రెండో రూపం పెరుగుతుంది. పి.హెచ్. 7 నుంచి 8కి పెరిగితే విషపు భాగం దాదాపు పదింతలవుతుంది. నీరు వేడెక్కినా పెరుగుతుంది. మన బోరు నీళ్ళు చాలాచోట్ల కఠినజలాలు, క్షారగుణం ఉన్నవి. మన ఎండల సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నర దగ్గర ఆగిపోతుంది. కాబట్టి చల్లని దేశాల పుస్తకాల్లో రాసిన నియమాలను నమ్ముకుని మిర్యాలగూడలో మే నెలలో తొట్టి నడపడం కష్టం.

ఇక్కడే మొక్క అవసరం. మొక్కకు నత్రజని ఎరువు. పొలంలో వరికి యూరియా ఎందుకు చల్లుతారో మీకు తెలుసు. నీటిమొక్కల్లో చాలా జాతులు నైట్రేటుకన్నా అమ్మోనియంనే ముందుగా పీల్చుకుంటాయి. చేపకు విషమైనది మొక్కకు తిండి అన్నమాట. సూక్ష్మజీవులు తయారయ్యేదాకా మొక్క ఆగనక్కర్లేదు, వేరూనుకోగానే పని మొదలుపెడుతుంది. నీటిలోని ఎరువును మొక్క తినేస్తుంటే పాచికి మిగిలేది తక్కువ కనుక గాజు కూడా తేటగా ఉంటుంది. ప్లాస్టిక్ మొక్క ఏం చేస్తుంది? పాచి పట్టడానికి కాస్త చోటిస్తుంది. అంతే.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక గాజుపాత్రలో రెండు బంగారు చేపలను, ఒక వాలిస్నేరియా మొక్కను ఉంచి ఏం జరుగుతుందో గమనించాడు. మొదట బాగానే ఉంది. కొన్నాళ్ళకు మొక్క పాత ఆకులు కుళ్ళి నీరు చెడింది. ఆయన నీళ్ళు పారబోయలేదు, చెరువు నత్తలను తెచ్చి వేశాడు. అవి కుళ్ళిన ఆకును తిన్నాయి. నత్తల గుడ్లను చేపలు తిన్నాయి. నీరు మళ్ళీ తేటపడింది. ఈ ప్రయోగాన్ని ఆయన అక్కడి రసాయన శాస్త్రజ్ఞుల సంఘానికి వివరించాడు. ఇంటింటా చేపల తొట్టి పెట్టుకునే వేడుక ఐరోపాలో ఆ తరవాతనే పుంజుకుంది. ఆయన వాడిన వాలిస్నేరియా ఏమిటనుకున్నారు? మన కాలువల్లో నీటివాలుకు పచ్చని రిబ్బన్లలా ఊగుతుండే పొడుగాకుల మొక్క ఆ ప్రజాతిదే!

వారింగ్టన్ ఒక విషయంలో మాత్రం మొక్కకు కాస్త ఎక్కువ మార్కులు వేశాడు. చేప వదిలిన బొగ్గుపులుసు వాయువును మొక్క తీసుకుంటుంది, మొక్క వదిలిన ప్రాణవాయువును చేప పీలుస్తుంది, ఇద్దరికీ లెక్క సరిపోతుంది అని ఆయన అనుకున్నాడు. చాలా పుస్తకాలు ఇప్పటికీ అలాగే రాస్తాయి. పగలు వెలుతురులో అది నిజమే. 1779లోనే యాన్ ఇంగెన్‌హౌజ్ అనే డచ్చి వైద్యుడు ఎండలో ఉంచిన నీటిమొక్కల ఆకుల నుంచి బుడగలు లేవడం, చీకట్లో ఉంచితే ఆగిపోవడం గమనించాడు. కానీ రాత్రి మొక్క కూడా చేపతోపాటు ప్రాణవాయువును పీలుస్తుంది. తొట్టిలోకి ఎక్కువ ప్రాణవాయువు వచ్చేది నీటి ఉపరితలం మీద గాలి తగిలేచోటే. అందుకే మూతి ఇరుకుగా ఉండే గుండ్రటి గాజుబుడ్డి అంటే నాకు పడదు. అందులో చేపను పెట్టడం ఎవరు మొదలుపెట్టారో గాని, చేపను అడిగి మొదలుపెట్టి ఉండరు. వెడల్పు తొట్టి కావాలి. గాలి యంత్రం ఉంటే ఉండనివ్వండి, మొక్కలు పెట్టాం గదా అని దాన్ని ఆపేయకండి. మొక్క చేసే పెద్ద మేలు నీటిని శుభ్రం చేయడం. పగటిపూట ప్రాణవాయువు అదనపు లాభం.

"మేమూ కొట్లో మొక్కలు కొని నాటాం, పది రోజుల్లో కుళ్ళిపోయాయి" అనేవారున్నారు. నిజమే, కుళ్ళుతాయి. దీనికీ కారణముంది. ఏ మొక్కకైనా కిరణజన్య సంయోగక్రియకు కర్బనం కావాలి. నేలమీది మొక్కకు అది గాలిలోనే దొరుకుతుంది. నీటిలో మునిగి ఉన్న మొక్కకు నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువే ఆధారం. కఠినజలంలో, క్షారగుణం ఉన్న నీటిలో ఆ వాయువు విడిగా చాలా తక్కువగా ఉంటుంది. అందులో చాలా భాగం బైకార్బొనేటుగా మారిపోయి ఉంటుంది. కొట్లలో అమ్మే ఈకలాంటి కబాంబా అమెరికా ఖండం మొక్క. మృదుజలానికి అలవాటుపడిన మొక్క అది, బైకార్బొనేటును వాడుకోవడం దానికి చేతకాదు. సూర్యాపేట బోరు నీటిలో వేస్తే అన్నం రాశి ముందు కూర్చుని ఆకలితో చచ్చినట్టే.

మన హైడ్రిల్లా, మన వాలిస్నేరియా అలా కాదు. బైకార్బొనేటునే పట్టుకుని అందులోంచి కర్బనాన్ని తీసుకుంటాయి. దీనికి సాక్ష్యం మీ కంటితో చూడవచ్చు. కఠినజలంలో కొన్నాళ్ళు ఎండ తగిలిన హైడ్రిల్లా ఆకును వేళ్ళతో నలిపి చూడండి, గరగరలాడుతుంది. ఆకు పైభాగాన తెల్లని పొడి కనిపిస్తుంది. దుమ్ము అనుకుని కడిగేస్తారు కాబోలు, అది సున్నం! బైకార్బొనేటు నుంచి మొక్క కర్బనాన్ని లాక్కున్నప్పుడు నీటిలోని కాల్షియం కార్బొనేటుగా మారి ఆకు మీద పేరుకుంటుంది. దాని మీద రెండు చుక్కల నిమ్మరసం వేస్తే బుసబుస పొంగుతుంది. మన బోరు నీటిని మనం తిట్టుకుంటాం గాని, ఈ మొక్కలు అందులోనే తిండి వెతుక్కుంటాయి.

నిమ్మరసం చేతిలో ఉండగానే తొట్టిలో పెట్టబోయే రాళ్ళను కూడా పరీక్షించండి. సూర్యాపేట చుట్టుపక్కల దొరికేవి ఎక్కువగా గ్రానైటు జాతి రాళ్ళు, నీటిలో కరగవు. అటు హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెర్వు వైపు వెళితే సున్నపురాయి. అక్కడ సిమెంటు కర్మాగారాలు వెలసింది అందుకే గదా. కోదాడ విద్యార్థి అటువైపు నుంచి అందమైన పలకరాయి తెచ్చి తొట్టిలో పెడితే, అది నెమ్మదిగా కరిగి అసలే కఠినమైన నీటిని మరింత కఠినం చేస్తుంది. రాయి మీద చుక్క వేస్తే పొంగిందా, తొట్టికి పనికిరాదు. నిమ్మరసం పులుపు చాలకపోతే సైన్సు మాస్టారిని అడిగి, ఆయన ముందే సజల హైడ్రోక్లోరికామ్లం ఒక్క చుక్క వేసి చూడండి. ఇసుకకూ ఇదే పరీక్ష.

నీటి విషయం కూడా చెప్పాలి. నల్లా నీరైతే అందులో క్లోరిన్ కలిపి ఉంటుంది. వెడల్పు పాత్రలో ఒక రోజు ఉంచి పోయండి. ప్రతి వారం నాలుగో వంతు నీరు తీసి కొత్త నీరు పోస్తే చాలు. "మొత్తం ఖాళీ చేసి, సబ్బుతో కడిగి, మళ్ళీ నింపుతాం" అని గర్వంగా చెప్పే ఇళ్ళలోనే చేపలు ఎక్కువగా చనిపోవడం చూశాను. శుభ్రం చేశామనుకుని మేలుచేసే సూక్ష్మజీవులను కూడా కడిగేస్తున్నారు మరి.

నాటడం ఎలా? కడిగిన ముతక ఇసుక వెనకవైపు మూడంగుళాలు, ముందువైపు అంగుళంన్నర ఉండేలా వాలుగా పరచండి. అలా చేస్తే తొట్టి లోతుగా కనిపిస్తుంది, మురికి ముందుకు జారి తీయడానికి వీలవుతుంది. వాలిస్నేరియాను వెనక గోడ వెంట నాటండి. వేళ్ళు ఇసుకలో ఉండాలి, ఆకులు పుట్టే మొదలు మాత్రం పైకి కనబడాలి. అది పూడిపోతే మొక్క కుళ్ళుతుంది. హైడ్రిల్లాను ఐదారు కొమ్మలు ఒక కట్టగా ఒక మూలన గుచ్చండి. రెండు మూలల్లోనూ ఒకే రకం, ఒకే ఎత్తు పెట్టకండి. చెరువులో మొక్కలు కవాతు చేస్తున్నట్టు వరసగా నిలబడవు! ముందు భాగం ఖాళీగా వదలండి. చేప ఆకుల మధ్యకు వెళ్ళి దాక్కుని, మళ్ళీ వెలుతురులోకి వచ్చినప్పుడు చూడాలి దాని అందం. ఎటూ దాక్కునే చోటు లేని చేప బెదురుతుంది, రంగు కూడా తగ్గుతుంది. రంగురాళ్ళ మీద రంగుచేప ఆనదు. నల్లని, గోధుమరంగు ఇసుక మీద, పచ్చని ఆకుల ముందు అదే చేప దీపంలా కనిపిస్తుంది. ఇది నా అభిరుచి మాత్రమే అనుకుంటే, రెండు విధాలా పెట్టి మీ ఇంట్లోవాళ్ళనే అడగండి.

వెలుతురు రోజుకు ఎనిమిది గంటలు చాలు. ఎల్.ఇ.డి. దీపమైనా సరే. కిటికీ పక్కన నేరుగా ఎండ పడేచోట తొట్టి పెట్టకండి. మన దగ్గర మార్చి దాటితే ఆ నీరు స్నానానికి కాచినట్టవుతుంది. మొక్కలు నాటాక రెండు వారాలు ఓపిక పట్టి, అప్పుడు రెండే రెండు చేపలను వేయండి. ఆ రెండు వారాలు ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చోవడమే అన్నింటికన్నా కష్టం, నాకు తెలుసు.

బంగారు చేపలు హైడ్రిల్లాను తినేస్తాయి గదా అంటారు. తింటాయి, శుభ్రంగా తింటాయి. తిననివ్వండి. రెండు కట్టలు వేరే తొట్టిలో పెంచుతూ మారుస్తుండండి. అసలు 42 లీటర్ల తొట్టి బంగారు చేపలకు చాలదని కూడా నా నమ్మకం, అవి జానెడు దాటి పెరిగే జాతి. గప్పీల వంటి చిన్న చేపలు ఐదారు ఉంటే తొట్టీ నిండుగా ఉంటుంది, మొక్కలూ మిగులుతాయి.

ఇక మొక్కలు ఎక్కడ దొరుకుతాయి? మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలకు నీరిచ్చేది నాగార్జునసాగర్ ఎడమ కాలువ, అంటే లాల్ బహదూర్ కాలువ. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీరు వదిలారు. అప్పటినుంచి ఈ నేలకు వరి వచ్చింది, వరితోపాటు నీటిమొక్కలూ వచ్చి పిల్లకాలువల్లో స్థిరపడ్డాయి. ఇంజనీర్లకు ఇవంటే గిట్టదు, కాలువలో నీటి వేగాన్ని తగ్గిస్తాయి కనుక. మీరు నాలుగు కొమ్మలు తీసుకుంటే ఎవరూ బాధపడరు. అయితే పెద్ద కాలువ దగ్గరికి మాత్రం వెళ్ళవద్దు. దాని గట్లు వాలుగా, జారుడుగా ఉంటాయి, ప్రవాహం మీరనుకున్న దానికన్నా బలమైనది. మోకాలి లోతు కూడా లేని పిల్లకాలువ ఒడ్డున, ఇంటి పెద్దలను వెంటబెట్టుకుని వెళ్ళి తీసుకోండి. సూర్యాపేట వారు దగ్గరుంది గదా అని మూసీలో దిగకండి. హైదరాబాదు మురుగు మోసుకొచ్చే ఏరు అది. మురుగు కలవని పల్లె చెరువు అంచున చూడండి.

వరిపొలాల పక్కనుంచి తెచ్చిన మొక్క మీద పురుగుమందు ఉండవచ్చు. జలగలు, తూనీగ పిల్లపురుగులు కూడా ఉండవచ్చు. తూనీగ పిల్లపురుగు చిన్నచేపలను పట్టి తినేస్తుంది. అందుకని మొక్కలను బాగా కడిగి, ఒక బకెట్టులో వేసి, నీరు మారుస్తూ రెండు వారాలు విడిగా ఉంచండి. ఆ బకెట్టే ఒక ప్రదర్శనశాల అవుతుంది, భూతద్దంతో చూడండి. ఆ నీటిలో దోమపిల్లలు పుట్టకుండా మాత్రం పైన పల్చని గుడ్డ కట్టండి.

నాటిన మొక్క కుదురుకున్నాక తొట్టి అలంకారం కాస్తా ప్రయోగశాల అవుతుంది. మీ పాఠ్యపుస్తకంలో గరాటు కింద హైడ్రిల్లాను పెట్టిన బొమ్మ చూసి ఉంటారు. దీపం దగ్గరగా ఉన్నప్పుడు కొమ్మ తెగిన చివర నుంచి నిమిషానికి ఎన్ని బుడగలు వస్తున్నాయో, అడుగు దూరం జరిపితే ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టండి. బడిలో సూక్ష్మదర్శిని ఉంటే ఒక హైడ్రిల్లా ఆకును అలాగే పలక మీద పెట్టి చూడండి, ఆకుపచ్చని రేణువులు కణం గోడల వెంట వరసగా తిరుగుతుంటాయి. వాలిస్నేరియాలో ఆడమొక్క, మగమొక్క వేరువేరు. మగపువ్వులు నీటి అడుగున మొక్క నుంచి తెగి, బుడగల్లా పైకి తేలి వస్తాయి. ఆడపువ్వు పొడుగాటి కాడతో నీటి మట్టానికి చేరి ఎదురుచూస్తుంది. తేలుతూ వచ్చిన మగపువ్వు తగిలి పరాగసంపర్కం అయ్యాక, ఆ కాడ స్ప్రింగులా చుట్టుకుని కాయను అడుక్కి లాక్కుపోతుంది. ఇంటి తొట్టిలో ఇది తరచుగా జరగదు. ఒక్కసారి చూస్తే మాత్రం జన్మలో మరిచిపోరు.

ఇంతవరకు మొక్కను పొగిడాను. ఇప్పుడు దాని రెండో ముఖం చూడండి.

గుర్రపు డెక్కను ఎరగని తెలుగు విద్యార్థి ఉండడు. చెరువు నిండా పచ్చగా కమ్మేసి, ఊదారంగు పువ్వులు పూస్తుంది. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం. పందొమ్మిదో శతాబ్దం చివర, పువ్వు ముచ్చటగా ఉందని తోటల అలంకారానికి బెంగాలుకు తెచ్చారు. తగిన వేడి, ఎరువు ఉంటే రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క అది. మురుగు కలిసిన చెరువులో నత్రజనికి కొదవేముంది? నీటిపైన చాప పరిచినట్టు కప్పేస్తే కింద వెలుతురు ఉండదు, గాలి తగలదు, చేప బతకదు, వల పడదు. ఇన్ని చెరువుల్ని మింగిన ఈ మొక్క కథ ఎవరి ఇంటి నీటితొట్టెలోనో అలంకారంగానే మొదలైంది.

అక్కడి మొక్కే ఇక్కడ రాక్షసి అయిందని అనుకోకండి. ఇక్కడ అణకువగా ఉండే మన హైడ్రిల్లాను 1950ల్లో శ్రీలంక నుంచి చేపల తొట్ల వ్యాపారులు అమెరికాలోని ఫ్లారిడాకు తీసుకుపోయారు. కాలువల్లో పడింది. అక్కడ దాన్ని తినే పురుగులు లేవు, అదుపు చేసేవారు లేరు. సరస్సులు, నదులు నిండిపోయాయి, పడవలు ఆగిపోయాయి. దాన్ని తొలగించడానికి ఆ దేశం ఇప్పటికీ డబ్బు పోస్తూనే ఉంది. మనం గుర్రపు డెక్కను తిట్టుకున్నట్టే వాళ్ళు హైడ్రిల్లాను తిట్టుకుంటారు.

కొట్లో కొన్న మొక్కకన్నా కాలువ మొక్క మేలని నేననడానికి ఇది రెండో కారణం. మన హైడ్రిల్లా పొరపాటున మళ్ళీ మన కాలువలో పడినా కొత్త ముప్పు రాదు. కొన్న మొక్క పడితే ఏమవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. కబాంబా కూడా కొన్ని దేశాల్లో తొట్లనుంచి తప్పించుకుని కలుపు అయింది. ఇంట్లో కొన్న మొక్కలు ఇప్పటికే ఉంటే పీకి పారేయమనను. తొట్టి శుభ్రం చేసినప్పుడు తీసిన ఆకును, కొమ్మను మురుగుకాలువలో వేయకండి, చెరువులో అసలే వేయకండి. ఎండలో కరకరలాడేలా ఎండబెట్టి పెరట్లో పాదులకు వేయండి. హైడ్రిల్లా అయితే వేలెడు ముక్క కూడా మళ్ళీ మొక్కవుతుంది.

చేపల సంగతీ ఇంతే. గాజుకు అతుక్కుని పాచి తింటుందని సక్కర్ పేరుతో ఒక నల్లచేపను అమ్ముతారు. అరచేతిలో పట్టేదాన్ని కొంటారు, అది అడుగు దాటి పెరిగాక భయపడి, చంపడానికి మనసొప్పక, చెరువులో వదిలి పుణ్యం కట్టుకున్నామనుకుంటారు. దక్షిణ అమెరికా చేప అది. రెండు తెలుగు రాష్ట్రాల నీళ్ళలోనూ ఇప్పుడు అది వలలకు చిక్కుతోంది. ఒంటి నిండా గరుకు పలకలు, ముళ్ళు, వల చిరిగిపోతుంది. కొనేవారుండరు. మత్స్యకారులు దెయ్యం చేప అంటున్నారు. జాలితో వదిలినవారికి ఆ చిరిగిన వల కనిపించదు. పెంచలేకపోతే కొన్న కొట్టుకే తిరిగి ఇవ్వాలి, లేదా ఇంకా పెద్ద తొట్టి ఉన్నవారికి ఇవ్వాలి.

ఒక మాట మరిచాను. వేసవిలో కాలువ కట్టేస్తారు గనుక ఏప్రిల్, మే నెలల్లో వెళితే మీకు పగిలిన బురద తప్ప మొక్క కనిపించదు. చచ్చిపోయిందనుకోకండి. హైడ్రిల్లా బురదలో చిన్న దుంపలు దాచుకుని పడుకుంటుంది. సాగర్ నీళ్ళు వదిలిన నెలా రెండు నెలలకు మళ్ళీ పిల్లకాలువ పచ్చబడుతుంది. దసరా సెలవులకు వెళ్ళండి. నాలుగు కొమ్మలు చాలు. సంక్రాంతికల్లా మీ తొట్టిలో అవసరానికి మించి పెరుగుతుంది. అప్పుడు ఒక గుప్పెడు తడిగుడ్డలో చుట్టి, చేపలు అచ్చిరావన్న ఇంటికి పట్టుకెళ్ళి, తొట్టిలోంచి ఉల్లిగడ్డలు తీయించండి.